నల్లతెర ముందు మా ఆయన

మా ఆయన బొమ్మలను నమ్మరు. గోడకు తగిలించే బొమ్మల మాట కాదు, కంప్యూటర్ తెర మీది బొమ్మల మాట. నేనేమో మనుషులనే నమ్మను. ఇలాంటి ఇద్దరం ఒకే బస్సు డిపోలో పనిచేస్తూ ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నాం. మొన్న జరిగినదాన్ని డిపోలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా అల్లుకుంటున్నారు కాబట్టి అసలు సంగతి నా నోటితో నేనే చెప్పడం మంచిది.

ఆయన పని డ్యూటీ చార్టు వేయడం. రేపు ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలి, ఏ దారిన వెళ్లాలి, ఎవరికి సెలవు, ఎవరు జ్వరమొచ్చి పడుకున్నారు, ఇవన్నీ చూసుకుని సాయంత్రానికల్లా చార్టు గోడకు ఎక్కించాలి. వర్క్‌షాపు వెనక, టైర్ల స్టోరు పక్కన ఆయన గది. ఒక బల్ల, ఒక కుర్చీ, ఎండాకాలంలో కూడా వణికించే ఏసీ, బల్ల కింద గుర్రుపెట్టే పాత కంప్యూటర్. ఆయన చేరింది ఉత్త టైపిస్టుగా. డిపోకి మొదటి కంప్యూటర్ వచ్చిన రోజున, ముట్టుకుంటే ఎక్కడ పాడైపోతుందోనని అందరూ దూరం జరిగితే ఈయన కుర్చీ లాక్కుని కూర్చున్నారట. ఆ కూర్చోవడం కూర్చోవడమే. ఆయన అసలు పేరు డిపోలో ఎవరికీ గుర్తులేదు, అందరికీ చార్టుగారే.

ఆయన తెర నిండా నలుపు. పై మూల ఒక చిన్న గీత వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, అంతే. ఏం చేయాలో అది చెప్పదు, తనకేం చేతనవునో కూడా చెప్పదు. మనమే నేర్చుకుని, పొట్టి పొట్టి కమాండ్లు టైపు చేసి ఎంటర్ కొట్టాలి. తప్పు రాస్తే తప్పంటుంది. సరిగ్గా రాస్తే పని చేసేసి, నోరు మెదపకుండా మళ్లీ ఆ గీతను ఆడిస్తూ కూర్చుంటుంది. మా ఆయనా అంతే. కూరలో ఉప్పెక్కువైతే అంటారు, బాగుంటే మాట్లాడకుండా తిని లేస్తారు. పెళ్లైన కొత్తలో దీన్ని అర్థం చేసుకోలేక నేను చాలా కూరలు మానేశాను.

నాది డిపో ముందు వైపు, పాసుల కౌంటర్. నా తెర మీద అన్నీ బొమ్మలే. చదువుకునేవాళ్ల పాసుకి పుస్తకాల సంచి బొమ్మ, పెద్దవాళ్ల పాసుకి చేతికర్ర బొమ్మ, అచ్చు తీయడానికి ప్రింటర్ బొమ్మ. మౌస్ జరిపి బాణం గుర్తును దాని మీద పెట్టి నొక్కడమే. పని కాగానే పచ్చటి టిక్కు పెట్టి, విజయవంతంగా పూర్తయిందని మెచ్చుకుంటుంది కూడా. ఆ మెచ్చుకోలే మా ఆయనకు గిట్టదు. అయిన పనికి అంత హడావుడి చేస్తోందంటే ఎక్కడో ఏదో దాస్తోందని ఆయన అనుమానం.

ఈ రెండు తెరల మీద మేం పోట్లాడుకోని వారం లేదు. నా తెర దుకాణంలో సరుకు పరిచినట్టు అన్నీ పరుస్తుందనీ, పరిచినవాటిలోంచి ఏరుకోవడమే తప్ప మనకు కావలసింది అడిగే వీల్లేదనీ ఆయన వాదన. అడగడం రానివాడి గతేమిటని నా వాదన. నా కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రోజే పాసులిచ్చేసింది. ఆయన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెడితే ఆ నల్లటి గోడ వైపు గుడ్లప్పగించి చూడటమే. ఆయనకు జ్వరమొస్తే డిపోకంతా జ్వరమొచ్చినట్టే. అయితే న్యాయంగా ఒకటి ఒప్పుకోవాలి. ఏదైనా దారి మూసేసి ఆ దారి డ్రైవర్లందరినీ వేరే దారికి మళ్లించాలంటే ఆయన ఒక్క లైను కొట్టి టీకి లేచేవారు. నేనైతే ఒక్కొక్కరి పేరు మీదా నొక్కుకుంటూ కూర్చోవాలి.

ఇంకో తేడా కూడా ఉంది. నా తెర మీద ఏదైనా తీసేయబోతే, నిజంగా తీసేయమంటారా అని అడుగుతుంది. అంత అనుమానం ఉన్న కంప్యూటర్‌ను నాకు సరిగ్గా జోడీ చూసి ఇచ్చారని మా ఆయన నవ్వేవారు. ఆయనది అడగదు. ఏటా డ్రైవర్లకు కంటి పరీక్ష జరుగుతుంది. అందులో తప్పినవాళ్లను డ్యూటీలోంచి తీసేసే పని కూడా ఈయనదే. రెండక్షరాలు, డ్రైవరు నంబరు, ఎంటర్. ఆ మనిషి మళ్లీ బస్సెక్కడు. ఇప్పుడు మా డిపో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దాయన అలా పోయినవాడే. మా ఆయన్ని ఆయన బావా అని పిలిచేవాడు, వరస లేకపోయినా. చార్టులోంచి పేరు పోయాక ఆ పిలుపూ పోయింది. ఆ గేటు దాటేటప్పుడు మా ఆయన నడక జోరెక్కడం నేను చూస్తూనే ఉన్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. బయట నా నోరు ఊరంతా ఎరిగిందే గానీ, ఇంట్లో కోపమొస్తే నేను మాట్లాడను. మూతి ముడుచుకుని ఎదురుగా కూర్చుంటాను. నా మొహం చూస్తే తెలియాలి. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు తెలుస్తూనే ఉండేది. కాసేపు చూసి, గొంతు సవరించుకుని, టీ పెట్టనా అని అడిగేవారు. అదే ఆయన క్షమాపణ.

ఇలా ఉండగా మేనేజరుగారు అందరినీ పిలిచి, ఇకమీదట డ్యూటీ చార్టు కూడా బొమ్మల తెర మీదే వేయాలని చెప్పారు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. నెలాఖరులో మేనేజరుగారి ఎదుటే కూర్చుని చార్టు వేసి చూపించాలి. చూపించలేని వాళ్లు టైర్ల స్టోరుకి. ఆ మాట అంటూ మా ఆయన వైపే చూశారు. నేర్పించే పని ఎవరికి అప్పగించారంటే నాకు. నేర్చుకున్నారని సంతకం పెట్టాల్సిందీ నేనే. క్యాంటీన్ నడిపే అక్క ఆ రోజు టీ ఇస్తూ, ఇన్నాళ్లకు మీ ఆయన ముక్కుతాడు నీ చేతికొచ్చిందే అని నవ్వింది.

నవ్వులాట కాదది. ఆయన దగ్గర నుంచి ఆ గది లాక్కుంటే ఆయనకు మిగిలేది ఏమీ లేదు. టైర్లు దొర్లించే వయసు కాదు, దొర్లించేవాళ్ల మధ్య కూర్చుని కబుర్లాడే స్వభావం కాదు. అందుకని మొదటి రోజే వెళ్లి, రండి, ఒక గంటలో నేర్పిస్తానన్నాను. తలనొప్పన్నారు. మర్నాడు చార్టు అర్జెంటన్నారు. ఆ మర్నాడు, ఆ బొమ్మలు చూస్తే తనకు అసహ్యమన్నారు. అయిష్టం వరకు నాకు తెలుసు, అసహ్యం ఎప్పుడు పుట్టింది. ఇక్కడే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. తన కుర్చీ పోతుందని తెలిసీ మనిషి కదలడం లేదంటే ఆ గదిలో నాకు తెలియనిదేదో ఉందన్నమాట.

అప్పటి నుంచి నిఘా పెట్టాను. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. ఆయన పొద్దస్తమానం చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటున్నారు. ఇంతకుముందు ఆ అలవాటు లేదు. నేను తలుపు తీసేసరికి తెర ఆర్పేసి ఉంటోంది. వేళ్లు మాత్రం కీబోర్డు మీద ఆడుతూనే ఉంటాయి. నన్ను చూసి ఆర్పేశారని చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. ఏం చేస్తున్నారంటే చార్టంటారు. ఆరిపోయిన తెర మీద చార్టేమిటో, నా చెవిలో పువ్వు కనబడుతోందా అనిపించింది. ఒకసారి ఆయన ఏసీ తగ్గించడానికి లేచినప్పుడు ఒక ఇయర్‌ఫోన్ తీసి చెవిలో పెట్టుకున్నాను. ఆడగొంతు. గుక్క తిప్పుకోకుండా ఏదో వాగుతోంది. ఒక్క ముక్క అర్థమయ్యేలోపే ఆయన తడుముకుంటూ వచ్చి లాగేసుకున్నారు.

"ఎవరిదది?"

"కంప్యూటర్‌ది."

"కంప్యూటర్‌కి ఆడగొంతెందుకు?"

ఆయన ఇయర్‌ఫోన్స్ మళ్లీ చెవుల్లో పెట్టేసుకున్నారు. క్యాంటీన్ అక్కకు చెబితే, పాపం కుండ బద్దలు కొట్టకుండా, నా గ్లాసులో పంచదార ఇంకొంచెం వేసింది. అంతకన్నా బద్దలు కొట్టినా బాగుండేది.

ఇంట్లో కూడా మనిషి మారిపోయారు. గ్లాసు అంగుళం పక్కన పెడితే విసుక్కుంటారు. స్టూలు ఎవరు జరిపారని కేకలు. నేనే జరిపాను, ఇల్లు ఊడ్చడానికి. పేపరు తనే చదివి నాకు ముక్కలు ముక్కలుగా చెప్పే మనిషి, నువ్వు చదువు, నీ గొంతు బాగుంటుంది అనడం మొదలుపెట్టారు. పెళ్లైన ఇన్నేళ్లకు నా గొంతు బాగుందని గుర్తొచ్చిందంటే నేను మురిసిపోవాలి గానీ, నాకు గుండెలో రాయి పడింది. మగవాళ్లు ఊరికే మెచ్చుకోరు.

అన్నిటికన్నా నా ఒళ్లు మండించింది ఆ చూపు. ఆయన నన్ను తిన్నగా చూడటం మానేశారు. మాట్లాడుతుంటే మొహం అటు తిప్పి, కంటి చివర్లోంచి ఓరగా చూస్తారు. దొంగ సరుకు అమ్మేవాడిని చూసినట్టు చూస్తారు. నేను మేనేజరు మనిషినైపోయానని, తన మీద చాడీలు మోస్తున్నానని ఆయన అనుకుంటున్నట్టు నాకు తోచింది. ఆ రోజు నుంచి నేను మూతి బిగించాను. భోజనాల దగ్గర ఎదురుగా కూర్చుని ఎన్ని రకాలుగా కోపం చూపించవచ్చో అన్ని రకాలుగా చూపించాను. ఆయన తాపీగా తిని లేచేవారు. టీ పెట్టనా అని ఒక్కసారి అడిగితే ఒట్టు. మనిషి మనసు ఇంత రాయైపోయిందా అని నాలో నేను కుమిలిపోయాను.

నెలాఖరు దగ్గరపడ్డాక మేనేజరుగారు ఆయన గదికి వెళ్లి, టైర్ల స్టోరులో కుర్చీ వేయించమంటారా అని మెత్తగా అడిగి వచ్చారట. ఆ సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే, సరే, నేర్పు అన్నారు. భోజనాల బల్ల మీద పాత కంప్యూటర్ ఒకటి ఉంది. అందులో కొత్త సాఫ్ట్‌వేర్‌ను నేర్చుకోవడానికి ఇచ్చిన నకలు ఎక్కించాను. అందులో పేర్లన్నీ ఉత్తుత్తివి, ఏం చెరిగినా నష్టం లేదు. పై వరసలో బొమ్మలుంటాయి. డ్రైవరుకి టోపీ, బండికి బస్సు, దారికి వంకర గీత, చార్టును భద్రపరచడానికి పెట్టె, మొత్తం తీసేయడానికి చెత్తబుట్ట. ఒక్కొక్కటి చెబుతుంటే ఆయన బొమ్మ గురించి అడగలేదు. ఎడమ చివర నుంచి ఎన్నోది, మౌస్ ఎంత జరపాలి, ఇదే అడిగారు. అడిగినవే పదిసార్లు అడిగి, నొక్కినవే మళ్లీ మళ్లీ నొక్కారు.

వారం తిరక్కుండా వచ్చేసింది. మౌస్‌ను ఒక్క తోపు తోసి బాణాన్ని ఎడమ మూలకు కొట్టి, అక్కడి నుంచి చెయ్యి కొలిచినట్టు జరిపి నొక్కేవారు. గురి తప్పేది కాదు. ఇంకెవరైనా అయితే సంతోషించేవాళ్లు. నాకు మాత్రం, అసహ్యమన్న మనిషికి ఇంత త్వరగా ఎలా పట్టుబడిందన్న అనుమానం పురుగులా తొలిచింది. పైగా నొక్కేటప్పుడు తెర వైపు చూపే లేదు, అదే ఓరచూపు కిటికీ వైపు. ఎవరో ఈయనకు వెనకనుండి నేర్పుతున్నారు, ఆ ఆడగొంతే అయ్యుంటుంది, నేను నేర్పుతున్నట్టు నటిస్తున్నాను ఈయన నేర్చుకుంటున్నట్టు నటిస్తున్నారు అనుకున్నాను. రేపు మేనేజరు ముందు నాటకం బయటపడితే సంతకం పెట్టిన నా కొంప కూడా మునుగుతుంది. తాడో పేడో తేల్చుకోవాలనిపించింది.

ఆ సాఫ్ట్‌వేర్లో బొమ్మలను మన ఇష్టం వచ్చిన చోటికి జరుపుకోవచ్చు. వంటింట్లో డబ్బాల చోటు మార్చినంత తేలిక. పరీక్షకు ముందు రోజు ఆదివారం. మధ్యాహ్నం ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, పెట్టె ఉన్న చోట చెత్తబుట్టను, చెత్తబుట్ట ఉన్న చోట పెట్టెను పెట్టాను. నేర్చుకున్న మనిషైతే చూసి నవ్వుతాడు, లేదా నన్ను తిడతాడు. ఇందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆయన వచ్చి కూర్చున్నారు. చార్టు అంతా చకచకా వేశారు. బాణాన్ని మూలకు కొట్టి, చెయ్యి కొలిచి జరిపి, నొక్కారు. చెత్తబుట్ట మీద నొక్కారు. మొత్తం చార్టును నిజంగా తీసేయమంటారా అని తెర మధ్యలో పెద్ద అక్షరాలతో వచ్చింది. కళ్లున్న ఎవరికైనా బల్లకు అటువైపు నుంచి కూడా కనబడేంత పెద్దవి. ఆయన ఎప్పటిలాగే ఎంటర్ కొట్టారు. తెర ఖాళీ అయిపోయింది.

"అయిపోయింది. చార్టు భద్రం" అన్నారు ఆయన, ఖాళీ తెర ముందు కూర్చుని, నా వైపు తిరిగి.

నేను మాట్లాడలేదు. అలవాటు కొద్దీ మొహం చూపిస్తూ నిలబడ్డాను. ఆయన ఎదురుచూశారు. కాసేపటికి, ఉన్నావా అని అడిగారు. నేను ఆయనకు మూరెడు దూరంలో ఉన్నాను.

మెల్లిగా వెళ్లి పక్క కుర్చీలో కూర్చుని, తెర మీద ఏముందో చెప్పమన్నాను. ఆయన చెయ్యి మౌస్ మీద బిగుసుకుంది. ముందు కసురుకున్నారు. తర్వాత, నువ్వేమైనా మార్చావా అని అడిగారు. మార్చానన్నాను. అప్పుడు ఆయన మౌస్ వదిలేసి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు.

చూపు నిరుటి నుంచే తగ్గుతోందట. చుట్టుపక్కల అంతా కనబడుతుంది, గోడలు, తలుపులు, వచ్చే బస్సు. తిన్నగా దేన్ని చూస్తే అదే మాయమవుతుంది. మధ్యలో పొగలాంటి మచ్చ. అక్షరాల మీదకు చూపు తిప్పితే అక్షరాలు పోతాయి, బాణం మీదకు తిప్పితే బాణం పోతుంది. నల్లతెర మీద వచ్చే ప్రతి అక్షరాన్నీ చదివి వినిపించే గొంతును ఆయనే కంప్యూటర్లో పెట్టుకున్నారు. అదే ఆ ఆడగొంతు. నల్లతెర దగ్గర కళ్లతో పనే లేదు. టైపు చేయాలి, వినాలి. బొమ్మల తెర దగ్గర ఆ గొంతు కూడా చేతులెత్తేసింది. దేని మీదకు పోయినా బటన్, బటన్, బటన్ అంటుందట, ఏ బటనో చెప్పదట. ఇక ఆ గదిలో తెర సంగతి. నేను వచ్చానని ఆర్పింది కాదు. చాలాకాలంగా ఆయన దాన్ని వెలిగించడమే లేదు.

ఒళ్లు మండిపోయింది నాకు. జాలి కన్నా ముందు కోపమే వచ్చింది. పక్కన పడుకునే మనిషికి చెప్పకుండా కంప్యూటర్‌కు చెప్పుకున్నారు. ఎందుకు చెప్పలేదని అడిగాను, ఈసారి నోటితోనే అడిగాను.

"గేటు దగ్గర పెద్దాయన్ని తీసేసింది నేనే కదా" అన్నారాయన. "రెండక్షరాలు, నంబరు, ఎంటర్. ఒక్కసారైనా అది నన్ను అడగలేదు, నేను వాణ్ణి అడగలేదు. నా నంబరు తీసేయడానికి కూడా అంతే పడుతుంది."

"నేను చెప్పేస్తాననుకున్నారా?"

"నువ్వు వాళ్ల మనిషివో నా మనిషివో తెలియలేదు. నువ్వు ఏమీ అనేదానివి కాదు."

నేను ఏమీ అనలేదట. మూతి ముడిచి, కళ్లెర్రజేసి, ఎదురుగా కూర్చుని నేను వడ్డించిన కోపమంతా ఆయనదాకా చేరనే లేదు. కోపాలే కాదు, ఒక్కోసారి బెంగతో చూసిన చూపులూ చేరలేదు. ఆయనకు కనిపించింది మొహం ఉండాల్సిన చోట ఒక మచ్చ, దాని చుట్టూ చీర రంగు. నేను మాట్లాడకపోతే, తన నల్లతెర లాగే, అంతా సవ్యంగా ఉన్నట్టేనని మొదట్లో అనుకున్నారట. తర్వాత అది కూడా నమ్మకం కుదరక భయపడుతూ కూర్చున్నారు.

మరి ఆ ఓరచూపేమిటని అడిగాను. అది మాత్రం నేను మరచిపోలేకపోతున్నానని చెప్పాను.

"పక్కకి చూస్తేనే నువ్వు కాస్త కనబడతావు" అన్నారు. "తిన్నగా చూస్తే పోతావు."

ఆయన ముందే ఏడ్చాను. ఏడుస్తున్నానని కూడా చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు బొమ్మలు ఆయన నేర్చుకున్న చోట్లలోనే ఉన్నాయి. డిపోలో పరీక్ష కంప్యూటర్ తెరిచి ముందే చూసుకున్నాను. ఆయన ఎలాగో పరీక్ష గట్టెక్కితే నేను సంతకం పెట్టేస్తాను, ఆ తర్వాత దేవుడు చూసుకుంటాడు అని మనసులో అనుకున్నాను గానీ, అలాగే చేద్దామా అని దారిలో అడిగితే ఆయన నడక జోరు పెంచారు. గేటు దగ్గర మాత్రం ఆగారు. పెద్దాయనతో, బావా, బాగున్నావా అన్నారు. ఆయన ఏమన్నాడో నేను వినలేదు, నాకు వేరే దడ. ఈ మనిషి లోపలికెళ్లి ఏం చేస్తారో నాకు అంతుబట్టలేదు.

మీటింగు గదిలో మేనేజరుగారు, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన ఇంజనీరు, నేను. మా ఆయన కూర్చుని బాణాన్ని మూలకు కొట్టారు. టోపీ మీద నొక్కారు, బస్సు మీద నొక్కారు, దారి మీద నొక్కారు. కంఠతా వచ్చిన డ్రైవర్ల నంబర్లు, ఎంటర్ దెబ్బలు టకటకా పడ్డాయి. మేనేజరుగారి కనుబొమలు పైకి లేచాయి. చార్టు తయారైంది, ఇక భద్రపరచడమే మిగిలింది. ఆయన చెయ్యి కొలిచి జరిగింది, సరిగ్గా పెట్టె బొమ్మ మీద ఆగింది. నొక్కితే అయిపోయేది.

ఆయన నొక్కలేదు. చెయ్యి తీసేశారు.

"ఈ బాణం కింద ఏ బొమ్మ ఉందో నువ్వు చదివి చెప్పు" అన్నారు నాతో. "నాకు కనబడటం లేదు. నిన్న ఇంట్లో ఇలాగే నొక్కి చార్టంతా తుడిచేశాను. ఇక్కడ అలా జరిగితే రేపు బస్సులు కదలవు సార్."

తర్వాత దాపరికం ఏమీ లేకుండా అంతా చెప్పారు, కళ్ల సంగతి, గొంతు సంగతి. తన గదిలోని పాత కంప్యూటర్‌ను అక్కడికే తెప్పించి, ఇయర్‌ఫోన్స్ లాగేసి ఆ గొంతును పైకి వినిపించారు. గుక్క తిప్పుకోకుండా అది చదువుతుంటే, ఈయన వేళ్లు వెంట పరిగెత్తుతుంటే, చార్టు మళ్లీ మొదటి నుంచి తయారైంది. నేను ప్రతి లైను చదివి చూశాను, నా అనుమానం నాది. ఒక్క పేరు తేడా రాలేదు.

ఇంజనీరు బుగ్గ గోక్కుని, ఈ బొమ్మలన్నిటి వెనకా టైపు చేసే తెర ఒకటి ఉండనే ఉందని, తాళం తీస్తే చాలునని చెప్పాడు. బటన్లకు పేర్లు పెట్టకపోవడం తమ తప్పేనని, పెడితే ఆ గొంతు వాటిని కూడా చదువుతుందని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. మా ఆయన ఇంకొకటి కూడా పెట్టమన్నారు. డ్రైవరు పేరు తీసేసే కమాండు కొడితే, నిజంగా తీసేయమంటారా అని తన తెర కూడా అడగాలట. ఆ ప్రశ్నను ఇన్నేళ్లు వెక్కిరించిన మనిషి అడిగిన కోరిక అది. నేను నవ్వబోయి ఊరుకున్నాను.

మేనేజరుగారు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. గది అంతా ఆయన నోటి కోసం చూస్తోంది. అప్పుడు మా ఆయన నా వైపు వంగి, మెల్లిగా, సార్ మొహం ఎలా ఉందని అడిగారు.

నేను చూశాను. కౌంటర్లో కూర్చుని వేల మొహాలు చదివినదాన్ని, కానీ ఇంకొకరి కోసం చదవడం అదే మొదలు. కోపం లేదు, జాలి కూడా పెద్దగా లేదు, పై వాళ్లకు ఏమని రాయాలా అని ఆలోచిస్తున్నట్టుందని ఆయన చెవిలో చెప్పాను. అది నిజమే అయ్యింది. డాక్టరు దగ్గర కాగితం తెమ్మని, ఆ కాగితం పైకి వెళ్లి జవాబు వచ్చేదాకా చార్టు మా ఆయనే వేయాలని, నేను చూసి సంతకం పెట్టాలని మేనేజరుగారు చెప్పారు. జవాబు ఎలా వస్తుందో తెలియదు. మేనేజరుగారి ఆ మెత్తటి గొంతును నేను ఇంకా నమ్మడం లేదు. టైర్ల స్టోరు మాట ఆయన వెనక్కి తీసుకోనూ లేదు.

బయటకొచ్చాం. నడవాలో ఎవరూ లేరు. ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడి, మొహం కాస్త పక్కకు తిప్పి, కంటి చివర్లోంచి నన్ను చూశారు.

"నీ మొహమో?" అన్నారు.

పూర్వమైతే చూస్తే తెలియదా అనేదాన్ని.

"భయంగా ఉంది" అన్నాను. "మీ మీద కోపం కూడా ఇంకా పోలేదు. కళ్ల కింద తడిగా ఉంది. జుట్టు రేగిపోయింది."

ఆయన అంతా విని, గొంతు సవరించుకుని, టీ తాగుదామా అని అడిగారు. నేను తలూపాను. మళ్లీ గుర్తొచ్చి, ఊఁ అని పైకి అన్నాను.